ఐసీ మార్చితే బేస్ బాగుపడుతుందా? యాక్టివ్ టోన్ కంట్రోల్ లోపలి లెక్క

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి 'బేస్ ట్రెబుల్ బోర్డు' అని అడిగితే చేతిలో పెట్టే సరుకు సాధారణంగా ఒకేలా ఉంటుంది. మూడు పాట్‌లు (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్లు), వాటి వెనక సిగ్నల్‌ను పెంచే ఎనిమిది కాళ్ల 4558 ఐసీ, 12 వోల్టుల సప్లైకి రెండు తీగలు. ఇంటికి తెచ్చి యాంప్లిఫయర్ బోర్డుకు ముందు తగిలిస్తే పాట వస్తుంది. బేస్ నాబ్ తిప్పితే పెట్టె అదురుతుంది కూడా. సగం దాటించాకే తంటా మొదలవుతుంది. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గాయకుడి గొంతు చిరుగుతుంది, ట్రెబుల్ పెంచితే బుస్సుమనే శబ్దం పైకి తేలుతుంది, నాబ్ ముట్టుకుంటే గరగర. ఇలా వచ్చిన ప్రతివాడికీ అందరూ చెప్పే మందు ఒకటే: 4558 పీకేసి, అంతకంటే మెరుగైనదని పేరున్న 5532 ఐసీ పెట్టు.

కాళ్ల వరస రెండింటికీ ఒకటే కాబట్టి మార్చడం నిమిషం పని. చాలాసార్లు ఆ మార్పుతో ఒరిగేది మాత్రం ఏమీ ఉండదు. ఎందుకంటే రోగం ఐసీలో లేదు. దాని ముందున్న దాంట్లో, దానికి ఇచ్చిన కరెంటులో, చుట్టూ ఉన్న రెసిస్టర్ల విలువల్లో ఉంది. ఈ మాట తేలాలంటే ఆ బోర్డులో ఉన్న సర్క్యూట్ ఏం చేస్తోందో ముందు తెలియాలి.

దాని పేరు బాక్సాండాల్ టోన్ కంట్రోల్. పీటర్ బాక్సాండాల్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1952 అక్టోబరులో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో దీన్ని ప్రచురించాడు. అప్పటికి మూడేళ్ల ముందు, 1949లో, అదే పత్రికలో ఇ.జె. జేమ్స్ ఒక టోన్ కంట్రోల్ ఇచ్చాడు. అందులో రెసిస్టర్లు, కెపాసిటర్లే తప్ప వాల్వ్ (ట్రాన్సిస్టర్లకు ముందు సిగ్నల్‌ను పెంచడానికి వాడిన గాజు గొట్టం) లేదు. అంటే అది పాసివ్. పాసివ్ సర్క్యూట్ తనంతట తాను దేన్నీ పెంచలేదు. అందుకని ముందే మొత్తం సిగ్నల్‌ను పదో వంతుకు, అంటే 20 డెసిబెల్స్ మేరకు, తగ్గించేస్తుంది. ఆ తర్వాత 'బేస్ పెంచడం' అంటే బేస్‌ను తక్కువగా తగ్గించడం. పోయిన సిగ్నల్‌ను తిరిగి రాబట్టడానికి తర్వాత మరో యాంప్లిఫయర్ దశ కావాలి, అది సిగ్నల్‌తో పాటు దానిలో కలిసిన రొదనూ పెంచుతుంది. పైగా నాబ్ నడిమధ్యలో ఉన్నప్పుడు సమంగా ఉండాలంటే లాగ్ పాట్‌లు (తిప్పేకొద్దీ విలువ సమంగా కాక అంతకంతకూ వేగంగా మారేవి) వాడాలి. వాటిలో ఒకటి ఉన్నట్టు మరొకటి ఉండదు.

బాక్సాండాల్ ఆ నెట్‌వర్క్‌ను తీసుకెళ్లి ఒక వాల్వ్ చుట్టూ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత తలకిందులుగా ఇన్‌పుట్‌కు తిరిగి రావడం) దారిలో పెట్టాడు. పాట్ ఒక కొన ఇన్‌పుట్‌కు, రెండో కొన అవుట్‌పుట్‌కు, మధ్యలో జరిగే కాలు యాంప్లిఫయర్ ఇన్వర్టింగ్ (సిగ్నల్‌ను తలకిందులు చేసే) ఇన్‌పుట్‌కు. ఇంతే సంగతి. ఆ కాలు ఇన్‌పుట్ వైపు జరిగితే లోపలికి వచ్చే సిగ్నల్‌కు అడ్డు తగ్గి, ఫీడ్‌బ్యాక్‌కు అడ్డు పెరుగుతుంది, గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లవుతుందన్నది) పెరుగుతుంది. అవుట్‌పుట్ వైపు జరిగితే దానికి తలకిందులు. సరిగ్గా మధ్యలో ఉంటే రెండు వైపులా అడ్డు సమానం కనుక గెయిన్ ఒకటి. 100 హెర్ట్జ్ దగ్గరైనా, 10 కిలోహెర్ట్జ్ దగ్గరైనా ఒకటే. త్రాసులో రెండు పళ్లేలూ సమానమైతే ముల్లు నడుమ నిలుస్తుంది. పళ్లెంలో ఉన్నది బియ్యమా బెల్లమా అన్నది ముల్లుకు అక్కర్లేదు. బోర్డులో 100కె (లక్ష ఓమ్‌ల) పాట్‌కు బదులు కొలిస్తే 85కె వచ్చే పాట్ పడినా నాబ్ మధ్యలో ఉన్నప్పుడు తేడా రాదు, రెండు సగాలూ కలిసే తగ్గాయి కాబట్టి. సాదా లీనియర్ పాట్ (తిప్పినంత మేరకే విలువ మారేది) చాలు. మన దగ్గర దొరికే పాట్‌ల మీద 'బి' అక్షరం ఉంటే సాధారణంగా లీనియర్, 'ఎ' ఉంటే లాగ్. బేస్, ట్రెబుల్‌కు 'బి', వాల్యూమ్‌కు 'ఎ'. ఈ రెండూ తారుమారైన కిట్లు బజారులో లేకపోలేదు. నాబ్ మధ్యలో పెట్టినా బేస్ ఎక్కువగానో తక్కువగానో వినిపిస్తుంటే మొదట చూడాల్సింది పాట్ మీద అక్షరమే.

ఒక చిన్న పక్కమాట. ఇంటర్నెట్‌లో బాక్సాండాల్ పేరుతో తిరిగే బొమ్మల్లో చాలా వాటికి యాంప్లిఫయరే ఉండదు. అవి జేమ్స్ సర్క్యూట్లు. పాట్ కొన అవుట్‌పుట్ నుంచి వెనక్కి రాకుండా నేరుగా గ్రౌండ్‌కు పోతుంటే అది బాక్సాండాల్ కాదు, 20 డెసిబెల్స్ మింగేసే పాసివ్ నెట్‌వర్కే.

ఇక విలువలు. కిట్లలో తరచూ కనిపించేది 100కె బేస్ పాట్, దాని రెండు కొనల్లో చెరొక 10కె రెసిస్టర్, పాట్ మధ్యకాలు నుంచి చెరో కొనకూ 47 నానోఫారడ్ కెపాసిటర్. దీన్ని పూర్తిగా పెంచితే ఎంత వస్తుంది? బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్ 110కె భాగించు 10కె, అంటే 11 రెట్లు; డెసిబెల్స్‌లో దాదాపు 21. ఆ అంకె అట్టపెట్టె మీద ఘనంగా ఉంటుంది, వినడానికి మాత్రం పనికిరాదు. 50 హెర్ట్జ్ దగ్గరే 16 డెసిబెల్స్ వస్తుంది. చిన్న స్పీకర్ కోన్ ఆ ఫ్రీక్వెన్సీలో శబ్దం చేయలేదు కాబట్టి ఊరికే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపులో పాటలోని మిగతా భాగం కూడా నలుగుతుంది. 'కోన్ ఎంత కదులుతోందో చూడు' అని మురిసిపోయేవాళ్లు ఉంటారు గానీ, కోన్ కంటికి కనబడేంత కదలడం నాలుగంగుళాల స్పీకర్‌కు మెచ్చుకోలు కాదు.

ఇంట్లో వినడానికి 12 డెసిబెల్స్ ధారాళం. దానికి కొనల్లోని 10కెలను 33కెలుగా మార్చితే చాలు: 133 భాగించు 33, అంటే నాలుగు రెట్లు, 12 డెసిబెల్స్. కెపాసిటర్లు 22 నానోఫారడ్. ఇలా చేస్తే పూర్తిగా పెంచినప్పుడు 50 హెర్ట్జ్ దగ్గర పదిన్నర, 100 హెర్ట్జ్ దగ్గర ఎనిమిది డెసిబెల్స్ వస్తుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి పెరుగుదల అర డెసిబెల్ కూడా ఉండదు. గొంతు ఉండే చోటు చెక్కుచెదరదు, కావలసింది అదే.

ట్రెబుల్ వైపు కూడా 100కె లీనియర్ పాటే. ప్రతి కొనకూ 10కె రెసిస్టర్, దానితో వరుసగా 2.2 నానోఫారడ్ కెపాసిటర్. ఒక కొన ఇన్‌పుట్‌కు, మరో కొన అవుట్‌పుట్‌కు. మధ్యకాలు నేరుగా ఐసీ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు. బేస్ పాట్ మధ్యకాలు మాత్రం ఒక 10కె రెసిస్టర్ గుండా అదే చోటికి చేరుతుంది. ఆ 10కె లేకపోతే రెండు నాబ్‌లు ఒకదాని పనిలో మరొకటి వేలు పెడతాయి. ఈ విలువలతో ట్రెబుల్ పూర్తిగా పెంచితే 3 కిలోహెర్ట్జ్ దగ్గర 5, 10 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 11, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్స్. తగ్గిస్తే అంతే మేరకు తగ్గుతుంది. ఎక్కడమూ దిగడమూ అద్దంలో బొమ్మలా ఉండటం ఈ సర్క్యూట్ సొగసు.

బజారు భాషలో 22 నానోఫారడ్ అంటే '223', 2.2 నానోఫారడ్ అంటే '222'. రెండూ పాలియెస్టర్ ఫిల్మ్ రకం అడగాలి. మామూలు సిరామిక్ బిళ్లల్లో చాలా వాటికి వోల్టేజీ మారితే కెపాసిటీ కూడా మారిపోతుంది, ఆ మార్పు డిస్టార్షన్‌గా వినబడుతుంది. కెపాసిటర్ విలువ చెప్పినంతే ఉండాలని పట్టుబట్టాల్సిన పని లేదు. 22 బదులు 20 ఉన్నా బేస్ ఎక్కడ మొదలవుతుందన్నది కాస్త జరుగుతుంది, అంతే. పాట్‌కు రెండు వైపులా ఉన్న రెండూ ఒకదానికొకటి సమానంగా ఉండటం అంతకంటే ముఖ్యం. త్రాసు పోలిక మళ్లీ ఇక్కడికే వస్తుంది. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ ఉంటే పది కొని, దగ్గరగా ఉన్న జంటలను ఏరుకోవడం ఖర్చులేని మెరుగు. రెసిస్టర్లు ఒక శాతం మెటల్ ఫిల్మ్‌వి తీసుకుంటే వాటిని ఏరే పని కూడా ఉండదు.

ఇప్పుడు ఐసీ దగ్గరికి వద్దాం. 5532 మంచి ఐసీయే, అందులో సందేహం లేదు. దాని సొంత రొద రూట్ హెర్ట్జ్‌కు (ఐసీల రొదను చెప్పే కొలమానం ఇది) 5 నానోవోల్టులు, అదే కాళ్ల వరస ఉన్న మరో ఐసీ టీఎల్072ది 18. కాగితం మీద మూడున్నర రెట్ల తేడా. అయితే 100కె పాట్‌లతో పైన చెప్పిన నెట్‌వర్క్‌లో, నాబ్‌లు మధ్యలో ఉన్నప్పుడు, ఐసీ ఇన్‌పుట్‌కు కనబడే రెసిస్టెన్స్ సుమారు 26 కిలోఓమ్‌లు. ఏ రెసిస్టరైనా వేడి వల్ల తనంతట తానే రొద చేస్తుంది. 26 కిలోఓమ్‌లు చేసే రొద దాదాపు 21 నానోవోల్టులు. అంటే టీఎల్072 కంటే దాని చుట్టూ ఉన్న రెసిస్టర్లే ఎక్కువ గోల చేస్తున్నాయి. 5532కు మరో గుణం కూడా ఉంది: దాని ఇన్‌పుట్‌లో వోల్టేజీ రొద తక్కువే గానీ కరెంటు రొద 0.7 పికోఆంపియర్లు. ఆ కరెంటు 26 కిలోఓమ్‌ల గుండా పారితే 18 నానోవోల్టులు పుడుతుంది. టీఎల్072 దగ్గర వద్దనుకున్న అంకె మళ్లీ ముంగిట్లోకే వచ్చింది.

గరగర సంగతీ ఇదే. 5532 ఇన్‌పుట్‌లోకి సుమారు 200 నానోఆంపియర్ల డీసీ కరెంటు పారుతుంది. అది బేస్ పాట్ గుండా పోవాలి. లక్ష ఓమ్‌ల దారిలో అది ఇరవై మిల్లీవోల్టులు పుట్టిస్తుంది. నాబ్ తిప్పేకొద్దీ ఆ డీసీ జరుగుతుంటుంది, ఆ జరగడమే స్పీకర్‌లో గరగర. టీఎల్072 ఇన్‌పుట్‌లో జెఫెట్ (కరెంటు దాదాపు తీసుకోని రకం ట్రాన్సిస్టర్) ఉంటుంది కనుక ఆ కరెంటు పికోఆంపియర్లలోనే, లెక్కలోకి రాదు. కొత్త పాట్ వేసినా, క్లీనర్ కొట్టినా పోని గరగర చాలాసార్లు ఇదే.

కాబట్టి ఐసీని విడిగా ఎంచుకోకూడదు, పాట్‌లతో కలిపి ఎంచుకోవాలి. 100కె పాట్‌లు ఉన్న బోర్డులో టీఎల్072. 5532 వేసి దాని సత్తా చూడాలంటే నెట్‌వర్క్ మొత్తాన్ని పదో వంతుకు దించాలి: పాట్‌లు 10కె, బేస్ కొనల్లో 3.3కె, ట్రెబుల్ కొనల్లో 1కె, బేస్ మధ్యకాలు దగ్గర 1కె. కెపాసిటర్లు పది రెట్లు పెంచి 220 నానోఫారడ్, 22 నానోఫారడ్. ఫ్రీక్వెన్సీలు ఏమీ మారవు. రొద మాత్రం బాగా పడిపోతుంది. ఈ తక్కువ రెసిస్టెన్స్‌ల నెట్‌వర్క్‌ను తోయడానికి కండ కావాలి. 600 ఓమ్‌ల లోడును తోయగల 5532 దాన్ని మోస్తుంది, టీఎల్072 మోయలేదు. అంటే ఈ ఇద్దరూ ఒకరి స్థానంలో మరొకరు కూర్చునే మనుషులు కారు.

మరి 4558 సంగతేమిటి? దాని మీద పడే నింద 'స్లో ఐసీ' అని. లెక్క చూస్తే నింద నిలవదు. 12 వోల్టుల సింగిల్ సప్లైలో అవుట్‌పుట్ పైకీ కిందికీ నాలుగున్నర వోల్టులకు మించి పోలేదు. నాలుగున్నర వోల్టుల పీక్‌తో (అల శిఖరం ఎత్తు) 20 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇవ్వడానికి కావలసిన వేగం మైక్రోసెకనుకు 0.6 వోల్టుల లోపే. 4558 వేగం మైక్రోసెకనుకు ఒక వోల్టు పైమాటే. చాలీచాలనిదేమీ కాదు.

అసలు గొడవ ఆ నాలుగున్నర వోల్టులు. సీడీ ప్లేయర్ వంటి లైన్ అవుట్‌పుట్ నుంచి గరిష్ఠంగా 2 వోల్టుల ఆర్ఎమ్ఎస్ (ఏసీ వోల్టేజీకి ఒక రకం సగటు) వస్తుంది, పీక్‌లో 2.8. బేస్ పూర్తిగా పెంచితే నాలుగు రెట్లు, అంటే 11 వోల్టులకు పైగా. నాలుగున్నర వోల్టుల గదిలో పదకొండు వోల్టుల సిగ్నల్ నిలబడాలంటే తల తెగాల్సిందే. డప్పు దెబ్బకు గొంతు చిరగడం అదే: డప్పు సిగ్నల్ పై అంచుకు కొట్టుకున్నప్పుడల్లా దాని మీద సవారీ చేస్తున్న గొంతు కూడా తెగిపోతుంది. ఆ స్థితిలో 5532 పెట్టినా అదే 12 వోల్టుల సప్లై, అదే గది. ఐసీ మార్చినవాడికి 'కొంచెం నయం' అనిపిస్తే అది మార్చిన కష్టం మీద గౌరవమే.

దీనికి మందు రెండు విధాలు. ఒకటి, గదిని పెంచడం: ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల డ్యూయల్ సప్లై. అప్పుడు అవుట్‌పుట్ సుమారు 10 వోల్టుల పీక్ వరకు పోగలదు. రెండు, వాల్యూమ్ పాట్‌ను టోన్ కంట్రోల్‌కు ముందు పెట్టడం. వాల్యూమ్ తర్వాత ఉంటే టోన్ దశకు ఎప్పుడూ నిండు సిగ్నలే వస్తుంది, వాల్యూమ్ తగ్గించినా చిరుగు తగ్గదు. ముందు ఉంటే తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచుకున్నప్పుడు చోటు మిగిలి ఉంటుంది. బదులుగా టోన్ దశ చేసే రొద వాల్యూమ్‌తో సంబంధం లేకుండా యాంప్లిఫయర్‌కు పోతుంటుంది. రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. 12 వోల్టుల బోర్డుకు వాల్యూమ్ ముందుండటమే మేలు.

అక్కడే చాలామంది పడే గొయ్యి ఒకటుంది. వాల్యూమ్ పాట్ మధ్యకాలును నేరుగా టోన్ నెట్‌వర్క్‌కు కలిపేస్తారు. 100కె వాల్యూమ్ పాట్ తన సగం రెసిస్టెన్స్ దగ్గర ఉన్నప్పుడు దాని వెనక 25 కిలోఓమ్‌ల అడ్డు ఉన్నట్టు లెక్క. ఆ 25కె ఇన్‌పుట్ వైపు చేరుతుంది, అవుట్‌పుట్ వైపు చేరదు. త్రాసు ఒక పక్కకు ఒరిగిపోయింది. ట్రెబుల్ పూర్తిగా పెంచినప్పుడు పై ఫ్రీక్వెన్సీలలో ఈ సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (ఏసీకి చూపే అడ్డు) 10 కిలోఓమ్‌ల కిందికి దిగుతుంది. దాని ముందు 25కె ఉంటే పెరగాల్సిన ట్రెబుల్ ఆ అడ్డులోనే ఇంకిపోతుంది. పైగా వాల్యూమ్ తిప్పినప్పుడల్లా టోన్ మారుతుంది. 'వాల్యూమ్ పెంచితే ట్రెబుల్ మారుతోంది' అన్న ఫిర్యాదుకు మూలం ఇదే. దీనికి విరుగుడు బఫర్: ఇంకో ఆప్‌ఆంప్ (ఈ ఐసీల్లో ఉండే యాంప్లిఫయర్), అవుట్‌పుట్‌ను తన ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కే కలిపి, సిగ్నల్‌ను రెండో, అంటే నాన్‌ఇన్వర్టింగ్, ఇన్‌పుట్‌కు ఇవ్వడం. గెయిన్ ఒకటి, అవుట్‌పుట్ అడ్డు దాదాపు సున్నా. ఒక ఐసీలో రెండు ఆప్‌ఆంప్‌లు ఉంటాయి కాబట్టి చానల్‌కు ఒక ఐసీ, ఒక సగం బఫర్, మరో సగం టోన్. స్టీరియోకు రెండు ఐసీలు. చౌక బోర్డుల్లో ఒకే ఐసీ రెండు చానళ్లకూ సర్దడం వల్ల ఎగిరిపోయింది ఈ బఫరే. ఐసీ మార్చడం కంటే ఐసీ చేర్చడం ఎక్కువ ఫలితమిస్తుంది.

సప్లై విషయంలో డ్యూయల్ పెట్టుకోగలిగితే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్ల జత), ప్లస్ వైపు 7812, మైనస్ వైపు 7912 రెగ్యులేటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక్కో వైపు 16 వోల్టుల దాకా డీసీ వస్తుంది, రెగ్యులేటర్లకు అది సరిపోతుంది. జాగ్రత్త పడాల్సింది 7912 దగ్గర. 7812కు కాళ్ల వరస ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912కు గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. పైగా 7912 వెనకున్న లోహపు రేకు గ్రౌండ్ కాదు, నెగటివ్ ఇన్‌పుట్. రెండింటినీ మైకా లేకుండా ఒకే హీట్‌సింక్‌కు బిగిస్తే సప్లై షార్ట్ అవుతుంది. ఇంత తక్కువ కరెంటుకు అసలు హీట్‌సింక్ అవసరం కూడా పడదు.

సింగిల్ 12 వోల్టులతోనే గడుపుకోవాలంటే నాన్‌ఇన్వర్టింగ్ ఇన్‌పుట్లకు సగం వోల్టేజీ, 6 వోల్టులు, తయారుచేసి ఇవ్వాలి: రెండు 10కె రెసిస్టర్లు, వాటి నడుమ నుంచి గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్. ఆ కెపాసిటర్‌ను పిసినారితనంతో 1 మైక్రోఫారడ్ చేస్తే అడాప్టర్ హమ్ నేరుగా ఐసీలోకి దూరుతుంది. 100 ఉంటే 100 హెర్ట్జ్ హమ్ సుమారు ఆరువందల వంతుకు తగ్గుతుంది. ఇన్‌పుట్‌లో 1 మైక్రోఫారడ్, అవుట్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు డీసీని ఆపడానికి. బఫర్ ఇన్‌పుట్‌కు సగం వోల్టేజీ ఒక 47కె గుండా చేరితే కింది హద్దు మూడు హెర్ట్జ్ చిల్లర దగ్గర ఉంటుంది, బేస్‌కు నష్టం లేదు. మొబైల్ చార్జర్ 5 వోల్టుల మీద 5532 నడపాలని చూడకండి. దానికి కనీసం 10 వోల్టులు కావాలి.

జీరో పీసీబీ (చిల్లుల బోర్డు) మీద కట్టేటప్పుడు ఐసీకి సాకెట్ వేసి, దాని 8, 4 కాళ్ల మధ్య, వీలైనంత దగ్గరగా, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ పెట్టాలి. '104' అని రాసి ఉంటుంది. ఇక్కడ సిరామిక్ పనికొస్తుంది, సిగ్నల్ దారిలో కాదు కనుక. అవుట్‌పుట్‌లో 100 ఓమ్‌లు వరుసగా వేస్తే పొడుగు షీల్డ్ వైరు తగిలించినా ఐసీ తనలో తాను కూయదు. పాట్‌ల లోహపు ఒంటిని గ్రౌండ్‌కు కలపాలి. నాబ్ ముట్టుకుంటే హమ్ పెరగడమో తగ్గడమో జరుగుతుంటే ఆ తీగ లేదన్నమాట. పాట్‌లకు పోయే తీగలు వీలైనంత పొట్టిగా ఉండాలి, ముఖ్యంగా మధ్యకాలు తీగ. అది ఐసీలో అన్నింటికంటే సున్నితమైన చోటికి పోతుంది కాబట్టి చుట్టుపక్కల ఉన్న 50 హెర్ట్జ్ అంతా ఏరుకుంటుంది. పెట్టె ముందు ప్యానెల్‌కు పాట్‌లు, వెనక ఎక్కడో బోర్డు, నడుమ అడుగు పొడవు రంగురంగుల రిబ్బన్ వైరు అన్న అమరిక చూడటానికి చక్కగా ఉంటుంది, వినడానికి ఉండదు. గ్రౌండ్ తీగలన్నీ సప్లై దగ్గర ఒకే చోట కలవాలి. షీల్డ్ వైరు జల్లెడను ఒక వైపే కలిపి రెండో వైపు వదిలేస్తే లూప్ హమ్ ఉండదు.

బజారులో కొన్న 5532 నిజంగా 5532యేనా అన్న అనుమానం అనవసరమేమీ కాదు. పైపేరు రుద్దేసి కొత్త పేరు ముద్రించినవి తిరుగుతుంటాయి. సులువైన గుర్తు కరెంటు. అసలు 5532 సిగ్నల్ లేకుండా సుమారు 8 మిల్లీఆంపియర్లు తాగుతుంది. 4558, టీఎల్072 అందులో సగం కూడా తాగవు. సప్లై తీగలో మల్టీమీటర్ పెట్టి చూస్తే 3 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగిపోయే '5532' వేషం వేసుకున్న మరో ఐసీ.

బేస్ పెంచే ముందు యాంప్లిఫయర్ జేబు కూడా తడుముకోవాలి. 10 డెసిబెల్స్ అంటే పవర్‌లో పది రెట్లు. పాట వినడానికి 2 వాట్లు వాడుతున్న చోట బేస్‌ను పది డెసిబెల్స్ పెంచితే ఆ దెబ్బ దగ్గర 20 వాట్లు అడుగుతుంది. 12 వోల్టుల మీద నడిచే చిన్న యాంప్లిఫయర్ బోర్డులో అంత ఉండదు. టోన్ కంట్రోల్‌ను ఎంత శుద్ధంగా కట్టినా అప్పుడు చిరుగు పవర్ దశలో వస్తుంది, తిట్లు టోన్ బోర్డు తింటుంది. ఈ రెండింట్లో ఏది చిరుగుతోందో తేల్చుకోవడం కష్టం కాదు: వాల్యూమ్‌ను యాంప్లిఫయర్ ముందు విడిగా తగ్గించి చూస్తే, శబ్దం తగ్గినా చిరుగు అలాగే ఉంటే టోన్ బోర్డు, చిరుగు పోతే యాంప్లిఫయర్.

కొలిచి చూసుకోవాలనుకునేవాళ్లకు ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ చాలు. 100 హెర్ట్జ్ పెట్టి, నాబ్‌లు మధ్యలో ఉంచి, ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఏసీ వోల్టేజీలు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. బేస్ పూర్తిగా పెంచితే అవుట్‌పుట్ రెండున్నర రెట్లు కావాలి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం చవక మల్టీమీటర్‌ను నమ్మవద్దు. వాటిలో చాలావాటికి ఏసీ కొలత 400 హెర్ట్జ్ వరకే లెక్క. ట్రెబుల్ పనిచేయడం లేదని సర్క్యూట్ మొత్తం ఊడదీసుకోవడం అలాంటి మీటర్ వల్లే జరుగుతుంది. అక్కడ లాప్‌టాప్ సౌండ్ కార్డు, ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే మొత్తం వక్రరేఖ తెర మీద కనిపిస్తుంది. సౌండ్ కార్డు ఇన్‌పుట్ తక్కువ వోల్టేజీకే నిండిపోతుంది కాబట్టి ఫోన్ వాల్యూమ్ కింది నుంచి మొదలుపెట్టాలి.

మీటర్ లేకపోయినా చేయగల పరీక్ష ఒకటుంది. పెట్టెకు ఒక డీపీడీటీ స్విచ్ (రెండు చానళ్లనూ ఒకేసారి అటూ ఇటూ మార్చేది) బిగించి, ఒక వైపు టోన్ కంట్రోల్ అవుట్‌పుట్, మరో వైపు బఫర్ నుంచి నేరుగా వచ్చే సిగ్నల్ కలపాలి. రెండు నాబ్‌లూ నడిమధ్యలో పెట్టి, బాగా తెలిసిన పాట వేసి, స్విచ్‌ను అటూ ఇటూ మార్చమని మరొకరికి చెప్పి కళ్లు మూసుకుని వినాలి. టోన్ దశ సిగ్నల్‌ను తలకిందులు చేస్తుంది గానీ రెండు చానళ్లూ కలిసే తిరుగుతాయి కనుక అది వినబడదు. స్విచ్ ఏ వైపు ఉందో చెప్పలేకపోతే బోర్డు సరిగ్గా కట్టినట్టు. చెప్పగలిగితే, ఐసీ జోలికి పోకుండా, ముందు పాట్‌కు రెండు వైపులా ఉన్న కెపాసిటర్ల జంటను కొలిచి చూడాలి.